చిన్న వ్యాపారానికి తొలి ఫైల్ సర్వర్: పెట్టె కంటే ముందు ఆలోచించాల్సినవి

విజయవాడ గవర్నరుపేటలో ఎనిమిది, పది కంప్యూటర్లున్న ఆడిట్ ఆఫీసును చూసినా, గాంధీనగర్ వైపు డీటీపీ సెంటరును చూసినా ఫైళ్ల పరిస్థితి దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ఒకే బ్యాలెన్స్ షీటు నలుగురి సిస్టమ్‌లలో నాలుగు రూపాల్లో ఉంటుంది. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘సారు చూసింది’ అన్న పేర్లున్న వాటిలో పార్టీకి, అంటే క్లయింటుకు, వెళ్లింది ఏదో తేల్చడానికి మెయిలూ వాట్సాపూ వెతకాల్సి వస్తుంది. ఆ ఫైలు చేసిన మనిషి సెలవు పెడితే పని ఆగుతుంది. ఉద్యోగం మానేస్తే అతని సిస్టమ్‌లో ఏముందో తెలుసుకోవడమే ఒక పనవుతుంది. ఈ చిక్కు భరించలేని స్థాయికి చేరినప్పుడు ‘ఒక సర్వర్ పెట్టుకుందాం, అందరి ఫైళ్లూ అందులోనే ఉంచి అక్కడి నుంచే వాడుకుందాం’ అన్న ఆలోచన యజమానికి వస్తుంది.

ఆలోచన సరైనదే. కానీ ఫైళ్లు చెల్లాచెదురుగా ఉండడం వల్ల ఇబ్బందితో పాటు, ఎవరూ కోరకుండానే, ఒక రక్షణ కూడా దొరుకుతూ ఉంటుంది. ఒక హార్డ్ డిస్క్ పోయినా పక్క సిస్టమ్‌లో నిరుటి కాపీ, పెన్ డ్రైవ్‌లో మరొకటి, పార్టీకి పంపిన మెయిలులో ఇంకొకటి మిగులుతాయి. సర్వర్ వచ్చాక ఆ కాపీలు క్రమంగా లేకుండా పోతాయి, ఎందుకంటే వాటిని లేకుండా చేయడమే సర్వర్ ఉద్దేశం. అంటే సంస్థ తన లెక్కలూ డిజైన్లూ ఒప్పందాలూ అన్నీ ఒకే పెట్టెలోకి తెచ్చి పెట్టిన రోజు నుంచి, ఆ పెట్టెకు ఏమైనా జరిగితే ఒక్క సిస్టమ్‌తో ఆగే నష్టం కాస్తా మొత్తం వ్యాపారానికి చుట్టుకుంటుంది. కాబట్టి సర్వర్‌కు కేటాయించిన డబ్బులోనూ శ్రద్ధలోనూ పెద్ద వాటా రెండో కాపీకి, దాన్ని తిరిగి తెచ్చుకునే ఏర్పాటుకు వెళ్లాలి. సాధారణంగా చేతికొచ్చే కొటేషన్లు ఇందుకు తలకిందులుగా ఉంటాయి: ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి నాలుగు వరుసలుంటాయి, బ్యాకప్ గురించి చివర ఒక ముక్క ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు.

అసలు సర్వర్ అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. ముగ్గురు నలుగురు పనిచేసే ఆఫీసులో ఉన్నవి వర్డ్, ఎక్సెల్ ఫైళ్లూ స్కాన్ చేసిన కాగితాలూ మాత్రమే అయితే గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటి సేవకు చందా కట్టుకోవడమే మేలు. యంత్రాన్ని కొనే, కనిపెట్టుకుని ఉండే బరువు తప్పుతుంది. లెక్క మారేది రెండు సందర్భాల్లో. మొదటిది ఫైళ్ల పరిమాణం. 24 మెగాపిక్సెల్ కెమెరాలో కెమెరా ఇచ్చే ముడి రూపంలోని ఫోటో (రా ఫైలు) ఒక్కటి 25 నుంచి 30 మెగాబైట్ల దాకా ఉంటుంది. పెళ్లికి 3,000 ఫోటోలు తీసే స్టూడియోకు అవే 75 నుంచి 90 జీబీ అవుతాయి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డయ్యే 4కె వీడియో గంటకు 45 జీబీ తీసుకుంటుంది. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ వేగమున్న కనెక్షన్ మీద ఒక టెరాబైటు (టీబీ, అంటే 1,000 జీబీ) పంపాలంటే, లైను ఒక్క క్షణం తెగకపోయినా, నాలుగున్నర రోజులు దాటుతుంది. రెండో సందర్భం, ఒకే డేటాను ఒకే సమయంలో పలువురు తెరిచి పనిచేసే సాఫ్ట్‌వేర్. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లలోనూ ఆటోనగర్ విడిభాగాల దుకాణాల్లోనూ విరివిగా వాడే ట్యాలీ ఇందుకు ఉదాహరణ. దాని సిల్వర్ లైసెన్సు ఒక్క సిస్టమ్‌కే. గోల్డ్ లైసెన్సు ఒకే లోకల్ నెట్‌వర్క్‌లోని పలు సిస్టమ్‌లకు. అటువంటి డేటాను ఆన్‌లైన్‌తో సింక్ అయ్యే ఫోల్డరులో పెట్టి ఇద్దరు రెండు చోట్ల నుంచి తెరిస్తే ఎవరి ఎంట్రీలు నిలుస్తాయో, ఫైలు అసలు తెరుచుకుంటుందో చెప్పలేం. దానికి దగ్గరలో, తెగకుండా అందే నిల్వ కావాలి.

యంత్రం ఎంపిక మీద జరిగినంత చర్చ నిజానికి దానికి అవసరం లేదు. ఉన్న కంప్యూటర్లలో ఒకదానిలో ఫోల్డరు షేర్ చేయడం అందరికీ తెలిసిన దారి. మామూలు విండోస్ 10, 11 లైసెన్సు ఏకకాలంలో 20 పరికరాలకు మించి కలవనివ్వదు, కానీ చిన్న సంస్థకు అసలు అడ్డంకి అది కాదు. ఆ సిస్టమ్ మీద ఎవరో ఒకరు కూర్చుని పనిచేస్తూ ఉంటారు, హ్యాంగయితే రీస్టార్ట్ చేస్తారు, సాయంత్రం ఆపేసి ఇంటికి వెళ్తారు. సర్వర్ల కోసమే మైక్రోసాఫ్ట్ అమ్మే విండోస్ సర్వర్ తీసుకుంటే యంత్రం ధర మీద సర్వర్ లైసెన్సు, దాని మీద వాడేవారికి విడిగా యాక్సెస్ లైసెన్సులు పడతాయి. డేటాబేస్ సర్వర్ కోరే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే తప్ప ఆ ఖర్చు సమర్థించడం కష్టం. ఐదు నుంచి పదిహేను సిస్టమ్‌లున్న సంస్థకు సైనాలజీ, క్యూనాప్ వంటి కంపెనీల రెండు డిస్కుల నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు తగిలించి, ఫైళ్లు దాచడానికే వాడే చిన్న యంత్రం) చాలినంత. ఓపిక, తెలివిడి ఉన్నవారు మంచి స్థితిలో ఉన్న పాత యంత్రం మీద ట్రూనాస్ గాని, ఓపెన్‌మీడియావాల్ట్ గాని, అంటే ఆ యంత్రాన్ని నాస్‌గా మార్చే సాఫ్ట్‌వేర్, ఉచితంగా వేసుకోవచ్చు. ఈ నాస్‌లన్నిటిలోనూ విండోస్ సిస్టమ్‌లకు ఫైళ్లు అందించేది ఒకటే ప్రోగ్రాము: ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల మొదట్లో మొదలుపెట్టిన సాంబా. వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ డేటాను నాస్ మీద ఉంచవచ్చునా అన్నది మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవారిని కొనేముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

డిస్కుల విషయంలో కొంత ఆగి చూడాలి. డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అనే ముగ్గురు బర్కిలీ విశ్వవిద్యాలయం నుంచి 1988లో ప్రచురించిన పత్రంతో రెయిడ్ అన్న పద్ధతి పేరు పొందింది. చవక డిస్కులు కొన్నింటిని కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా చేయడం దాని సారం. రెండు డిస్కుల పెట్టెలో దాని రూపం మిర్రర్: రాసిన ప్రతి అక్షరం రెండింటిలోనూ పడుతుంది. రెండు 4 టీబీ డిస్కులు వేస్తే వాడుకకు మిగిలేది 4 టీబీయే, విండోస్‌లో అదీ 3.63గా కనిపిస్తుంది, లెక్కించే పద్ధతిలో తేడా తప్ప అది డిస్కు లోపం కాదు. కొనేటప్పుడు ఎస్ఎంఆర్ రకం డిస్కును వద్దనాలి. ఆ రకంలో ట్రాకులు ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఒకటి వస్తాయి, అందువల్ల ఒకదాన్ని మార్చాలంటే పక్కవాటినీ మళ్లీ రాయాలి. పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి మొత్తం డేటాను తిరిగి నింపే సమయంలో ఆ నెమ్మదితనం ప్రాణం మీదికి తెస్తుంది. 2020లో వెస్ట్రన్ డిజిటల్ తన నాస్ డిస్కుల్లో కొన్నింటికి ఈ పద్ధతి వాడుతున్న సంగతి బయటపడి పెద్ద దుమారమే రేగింది. అప్పటి నుంచి కంపెనీలు ఏ మోడల్ ఏ రకమో జాబితాలో చెబుతున్నాయి కాబట్టి దుకాణదారు మాట మీద ఆధారపడనక్కర్లేదు.

మిర్రర్ ఉంది కదా అని బ్యాకప్ మానేయడం చిన్న సంస్థల్లో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. మిర్రర్ కాపాడేది ఒక్క ప్రమాదం నుంచే: ఒక డిస్కు చచ్చిపోవడం నుంచి. ఎవరైనా ఫోల్డరు చెరిపితే అది రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరుగుతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వస్తే రెండింటికీ తాళం పడుతుంది. దొంగ పెట్టెను ఎత్తుకుపోతే రెండూ పోతాయి.

కొత్త సర్వర్ నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం సర్వర్ కాదు, గోడల వెంట పోయే వైరు. కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కలిసే పాత నెట్‌వర్క్ స్విచ్ సెకనుకు 100 మెగాబిట్లది అయితే 45 జీబీ వీడియో కాపీ కావడానికి గంటకు పైగా పడుతుంది. గిగాబిట్ (1,000 మెగాబిట్ల) స్విచ్‌తో అదే పని ఏడు నిమిషాల్లో అవుతుంది. అయితే స్విచ్ మార్చినంత మాత్రాన సరిపోదు. కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. ఒకే కేబుల్‌ను చీల్చి రెండు సిస్టమ్‌లకు కనెక్షన్ ఇచ్చే పొదుపు పాత ఆఫీసుల్లో కనిపిస్తుంటుంది, అటువంటి చోట ఎంత ఖరీదైన సర్వర్ పెట్టినా వేగం పెరగదు. చవగ్గా దొరికే రాగి పూత అల్యూమినియం కేబుల్ మరో సమస్య: చూడడానికి తేడా తెలియదు, కానీ వంపుల దగ్గర తొందరగా విరుగుతుంది, దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది. స్వచ్ఛమైన రాగితో చేసిన క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని ఇస్తుంది. చిన్న ఆఫీసుకు అంతకు మించినది అక్కర్లేదు. సర్వర్‌నూ, ట్యాలీ వాడే సిస్టమ్‌లనూ వైఫై మీద ఉంచకూడదు. ఎంట్రీ సేవ్ అవుతున్న సమయంలో లైను తెగితే చెడేది ఆ ఒక్క ఎంట్రీ మాత్రమే కాకపోవచ్చు.

సర్వర్‌ను ఎక్కడ పెట్టాలన్నది ఈ ప్రాంతంలో తేలికగా తీసుకునే విషయం కాదు. మొదటిది వేడి. విజయవాడలో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త సంగతి కాదు. హార్డ్ డిస్కుల తయారీదారులు మోడల్‌ను బట్టి 60 లేదా 65 డిగ్రీల వరకు పనిచేయవచ్చని చెబుతారు, కానీ ఆ అంకె డిస్కుది, గదిది కాదు. తిరిగే డిస్కు చుట్టూ ఉన్న గాలి కంటే ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. పగలు ఏసీ ఉన్న గది కాబట్టి ఫరవాలేదనుకునేవారు ఆదివారం మధ్యాహ్నం షట్టరు దించిన దుకాణం లోపల ఎంత వేడి ఉంటుందో ఒకసారి థర్మామీటరుతో చూడాలి. సెలవుల్లో సర్వర్‌ను దానంతట అది ఆగి, సోమవారం పొద్దున లేచేలా సెట్ చేసే సౌకర్యం చాలా నాస్ పెట్టెల్లో ఉంటుంది. గుంటూరు యార్డు పరిసరాల్లోనైతే వేడికి మిర్చి దుమ్ము కూడా తోడవుతుంది. ఫ్యాను దగ్గరి జాలీని తరచూ శుభ్రం చేయకపోతే గాలి ఆడదు.

రెండోది కరెంటు. ఆఫీసులో ఇన్వర్టరు ఉంది కాబట్టి యూపీఎస్ ఎందుకన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇళ్లకు వాడే ఇన్వర్టరు కరెంటు పోయినప్పుడు మారడానికి తీసుకునే ఆ కొద్ది వ్యవధి ఫ్యానుకు, లైటుకు తెలియదు, కంప్యూటరుకు తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైన తేడా ఇంకొకటుంది: యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కు కలిపే యూపీఎస్, బ్యాటరీ అయిపోవస్తోందని సర్వర్‌కు చెప్పగలదు, సర్వర్ అప్పుడు తెరిచిన ఫైళ్లన్నీ మూసుకుని సవ్యంగా ఆగుతుంది. మామూలు ఇన్వర్టరు ఆ కబురు చెప్పలేదు. స్విచ్‌నూ రౌటర్‌నూ కూడా అదే యూపీఎస్ మీద పెట్టడం మరవకూడదు.

మూడోది నీళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద సింగ్‌నగర్ పరిసర కాలనీలను ముంచి రోజుల తరబడి నిలిచినప్పుడు కింది అంతస్తులో బల్ల కింద ఉన్న కంప్యూటర్లకు తప్పించుకునే వీలు లేకపోయింది. సర్వర్ పై అంతస్తులో ఉండాలి. పై అంతస్తు లేకపోతే గోడకు ఎత్తుగా బిగించిన అరలోనైనా ఉండాలి. ఆ వరద నేర్పిన పాఠం బ్యాకప్‌కు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. దుకాణమూ ఇల్లూ ఒకే పేటలో ఉన్న యజమాని రోజూ ఇంటికి తీసుకెళ్లే హార్డ్ డిస్క్ దొంగతనం నుంచి కాపాడుతుంది గాని, వరద నుంచి కాపాడదు.

బ్యాకప్‌కు 3-2-1 అన్న సూత్రం ప్రసిద్ధం: మూడు కాపీలు, రెండు వేర్వేరు సాధనాల మీద, ఒకటి వేరే చోట. విజయవాడ సంస్థకు దీన్ని ఆచరణలో పెట్టడం కష్టమేమీ కాదు. సర్వర్‌లో ఉన్నది మొదటి కాపీ. దానికి తగిలించే యూఎస్‌బీ హార్డ్ డిస్కులు రెండు కొని వారం వారం మార్చుతూ ఉంటే, ఏ సమయంలోనైనా ఒకటి సర్వర్ నుంచి ఊడదీసి బీరువాలో ఉంటుంది. ఊడదీసిన డిస్కును ఏ వైరసూ చేరలేదు. మూడో కాపీకి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, కృష్ణకు అవతలి ఒడ్డున ఉన్న గుంటూరు బ్రాంచిలోనో బంధువుల ఇంట్లోనో మరో చిన్న నాస్ పెట్టి, రాత్రివేళ మారిన ఫైళ్లు మాత్రమే అక్కడికి చేరేలా చేయవచ్చు. అలాంటి వీలు లేనివారు ముఖ్యమైన ఫోల్డర్ల వరకు ఆన్‌లైన్ నిల్వలో పెట్టుకోవచ్చు. బయటికి వెళ్లే ప్రతి కాపీనీ పాస్‌వర్డుతో గుప్తీకరించాలి, ఆ పాస్‌వర్డు సర్వర్‌లో కాకుండా కాగితం మీద ఉండాలి. సర్వర్ పోయిన రోజున సర్వర్‌లో రాసుకున్న పాస్‌వర్డు అక్కరకు రాదు. వీటికి తోడు, ఫైళ్ల స్థితిని వేళకు వేళకు గుర్తుపెట్టుకునే స్నాప్‌షాట్ సౌకర్యం ఉన్న నాస్ తీసుకుంటే, పొరపాటున చెరిపిన ఫైలును గంట కిందటి స్థితి నుంచి తెచ్చుకోవడం క్షణాల్లో అవుతుంది. రోజువారీ పొరపాట్లకు నిజంగా పనికొచ్చేది ఇదే. ట్యాలీ వంటి డేటాను మాత్రం వాడుతూ ఉండగా కాపీ చేయడం మీద ఆధారపడకుండా, ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న బ్యాకప్ ఎంపికతో రోజూ తీసి, ఆ ఫైలును సర్వర్ బ్యాకప్‌లో కలపాలి.

తీసిన బ్యాకప్ తెరుచుకుంటుందో లేదో చూసేవారు అరుదు. మూడు నెలలకొకసారి ఏదో ఒక ఫోల్డరును ఎంచుకుని, సర్వర్ లేదనుకుని, బ్యాకప్ నుంచి వేరే సిస్టమ్‌లోకి తెచ్చి, ఫైళ్లు తెరిచి చూడడం అరపూట పని. అలా తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలో చేర్చకూడదు.

అనుమతుల సంగతికొస్తే, పైస్థాయి ఫోల్డర్లు ఎన్ని తక్కువైతే అంత మంచిది: అకౌంట్స్, పార్టీల ఫైళ్లు, జీతాలు, అందరికీ ఉమ్మడి. అనుమతి మనుషులకు కాకుండా గ్రూపులకు ఇస్తే, గుమాస్తా మారినప్పుడు గ్రూపులో పేరు మారిస్తే సరిపోతుంది. యజమాని రోజువారీ పనికి అడ్మిన్ ఖాతా వాడకపోవడం సిబ్బందిని అదుపులో పెట్టడం కంటే ముఖ్యం, ఎందుకంటే ఆయన తెరిచిన తప్పుడు అటాచ్‌మెంట్ చేసే నష్టానికి హద్దు ఉండదు. పాస్‌వర్డు లేకుండా ‘ఎవరీవన్ – ఫుల్ కంట్రోల్’, అంటే అందరికీ పూర్తి అధికారం, ఇచ్చే పాత అలవాటు విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి మామూలుగా పనిచేయదు. అలా కనెక్ట్ కానప్పుడు కొందరు టెక్నీషియన్లు కొత్త సిస్టమ్‌లోని భద్రతను తగ్గించి పని కానిచ్చేస్తారు. చేయాల్సింది ప్రతి మనిషికీ ఖాతా తెరవడం. పాత స్కానర్ కోసమనో పాత సిస్టమ్ కోసమనో విండోస్ సిస్టమ్‌లు ఫైళ్లు పంచుకునే పద్ధతి అయిన ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ను తెరిచి పెట్టమన్నా ఒప్పుకోకూడదు. 2017 మే నెలలో ప్రపంచమంతా పాకి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా తాకిన వానాక్రై అనే తాళం వేసే వైరస్ వ్యాపించింది ఆ వెర్షన్‌లోని లొసుగు ద్వారానే; దానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే, సవరణ విడుదల చేసి ఉంది. ఇంటి నుంచి ఫైళ్లు చూడాలన్న కోరికతో రౌటర్‌లో పోర్టు (బయటి నుంచి లోపలికి దారి) తెరిచి నాస్‌ను ఇంటర్నెట్‌కు వదలడం మరో ప్రమాదం. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే వైరస్ అలా బయటికి కనిపించే క్యూనాప్ పెట్టెలనే వెతికి తాళాలు వేసింది. బయటి నుంచి చూడాల్సిన అవసరం ఉంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తెరిచే గుప్త దారి) ద్వారానే చూడాలి.

తెలుగులో పేర్లు పెట్టుకునేవారికి ఒక చిన్న హెచ్చరిక. లినక్స్ మీద నడిచే నాస్‌లలో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూనికోడ్ తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి, అంటే 85 గుర్తులు. అదీ వత్తులు, గుణింతాలు కలిపి. ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరంలో శకారం, పొల్లు, రకారం, గుడి దీర్ఘం కలిసి నాలుగు గుర్తులు, 12 బైట్లు. పెళ్లి శుభలేఖ ఫైలుకు వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్లు, తేదీ అన్నీ పెట్టే అలవాటున్న ప్రెస్సులో ఈ హద్దు తగలడం కష్టమేమీ కాదు, విండోస్‌లో బాగానే ఉన్న ఫైలు సర్వర్‌లోకి కాపీ కానని మొరాయిస్తుంది. 2001లో వచ్చిన 7.0 తర్వాత పెద్ద వెర్షన్ రాని పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను తెలుగు ఫాంట్లతో చేసిన పాత పుస్తకాలున్న ప్రచురణకర్తలు ఫైళ్లతో పాటు ఆ ఫాంట్లనూ సర్వర్‌లో దాచాలి. ఫాంటు లేని ఫైలు తెరుచుకున్నా చదవడానికి పనికిరాదు.

పాత ఫైళ్లను సర్వర్‌లోకి మార్చడానికి వ్యాపారం మందగించే కాలాన్ని ఎంచుకోవాలి. ఆడిట్ ఆఫీసుకు సెప్టెంబరు, మార్చి పనికిరావు. శుభలేఖల ప్రెస్సుకూ ఫోటో స్టూడియోకూ మూఢం రోజులు, మిర్చి కొట్టుకు యార్డుకు వేసవి సెలవులిచ్చే రోజులు అనుకూలం. అందరినీ ఒకే రోజు మార్చకుండా ఒక విభాగంతో మొదలుపెట్టి, ఆ విభాగం పాత ఫోల్డర్లను చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా చేసి, ఒక నెల గడిచాక రెండో విభాగానికి వెళ్లడం నిదానంగా కనిపించినా గందరగోళం తక్కువ. ఏ ఫైలు అసలైనదో తేలని చోట అన్ని రూపాలనూ తేదీతో సహా ఉంచేయాలి. డిస్కు చోటు కంటే మనుషుల సమయం ఖరీదు.

చివరగా కాలం లెక్క. జీఎస్టీ చట్టంలోని 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. కంపెనీగా నమోదైన సంస్థలకు కంపెనీల చట్టం 128వ సెక్షన్ ప్రకారం ఎనిమిది ఆర్థిక సంవత్సరాల పుస్తకాలు ఉండాలి. 2022 ఆగస్టు సవరణతో, ఎలక్ట్రానిక్ పుస్తకాల బ్యాకప్‌ను భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో రోజూ తీయడం కూడా తప్పనిసరైంది. ఆన్‌లైన్ నిల్వను ఎంచుకునే కంపెనీలు ఆ సర్వర్ ఏ దేశంలో ఉందో అడగాల్సింది ఇందుకే. నాస్ డిస్కులకు తయారీదారులిచ్చే వారంటీ సాధారణంగా మూడేళ్లు లేదా ఐదేళ్లు. చట్టం చెప్పిన గడువు దానికంటే ఎక్కువ కాబట్టి ఈ రోజు కొన్న డిస్కులు మధ్యలో కనీసం ఒకసారి మారక తప్పదు. ఆ ఖర్చునూ, అప్పుడు ఎవరు మారుస్తారన్నదాన్నీ మొదటి కొటేషన్‌లోనే రాయించుకోవాలి.